అల్యూమినియం షాఫ్టూ, నా బ్రష్షూ

కలకత్తాలో స్పోర్ట్స్ కారుకు అల్యూమినియం ప్రొపెల్లర్ షాఫ్టు బిగించిన మొట్టమొదటి మనిషిని నేను. ఈ మాట ఏక్‌బాల్‌పూర్‌లో మా వీధి చివరి టీ కొట్టు దగ్గర చెప్పాను. బస్సులో పక్కన కూర్చున్న ఆయన అడక్కపోయినా చెప్పాను. చర్చి మెట్ల మీద పాస్టరు గారి చెయ్యి పట్టుకుని మరీ చెప్పాను. తీరా కాగితం మీద పెట్టేసరికి కలం మొరాయిస్తోంది. బిగించింది మా అమ్మాయి. నేను పక్కన టార్చి పట్టుకుని నిలబడ్డాను. అదీ కాసేపే. "నాన్నా, నువ్వు లైటు నా కళ్ళల్లోకి ఏస్తన్నావు, బోల్టు మీదికి కాదు" అని అది నా చేతిలోంచి టార్చి లాక్కుని నోట కరుచుకుంది. ఇక మొట్టమొదటి అన్న మాటకీ ఆధారం లేదు. ఇంత పెద్ద ఊళ్ళో ఎవడో ఒకడు మాకంటే ముందే బిగించుకుని ఉంటాడు.

షాఫ్టు అంటే తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. కొన్ని కార్లలో ఇంజను ముందుంటుంది, తిరగాల్సినవి వెనక చక్రాలు. ముందున్న తిప్పును వెనక్కి మోసుకుపోయే పొడుగాటి గొట్టమే ప్రొపెల్లర్ షాఫ్టు. కారు పొట్ట కింద దాక్కుని ఉంటుంది, దాని మొహం ఎవరూ చూడరు. మామూలుగా అది ఇనుముది. ఇనుప గొట్టాన్ని తిప్పడానికే ఇంజను కొంత బలం ఖర్చుపెట్టుకుంటుంది. అదే అల్యూమినియందైతే తేలిక. యాక్సిలరేటరు మీద కాలు పెట్టగానే బండి ఉలిక్కిపడి దూకుతుంది. ఇదంతా నాకు పుట్టుకతో తెలిసిన విద్యలాగ చెబుతున్నాను గానీ, మా అమ్మాయి అన్నం తింటూ చెప్పగా విన్నదే.

మా అమ్మాయికి ఓడరేవు డాక్‌కు పోయే రోడ్డు మీద చిన్న గ్యారేజీ ఉంది. వచ్చేవన్నీ టాక్సీలు, సరుకుల వేన్లు, అంబులెన్సు ఒకటి. రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలి. భవానీపూర్‌లో ఒక దంతాల డాక్టరమ్మ ఉంది, బెంగాలీ ఆవిడ. మా అమ్మాయి పన్ను పీకించుకోవడానికి వెళ్ళింది. ఇది నోరు తెరుచుకుని పడుకుని ఉండగా ఆవిడ తన కారు గురించి మాట్లాడుతూ పోయిందట: విదేశం నుంచి అల్యూమినియం షాఫ్టు తెప్పించుకున్నాను, బిగించే మనిషి మీద నమ్మకం కుదరడం లేదు, అని. పన్ను ఊడి నోరు మూసుకునే వీలు దొరగ్గానే మా అమ్మాయి రక్తం దూది అడ్డం పెట్టుకునే "ఆ పని నేను చేస్తాను" అంది.

ఆవిడ వచ్చి గ్యారేజీ చూసింది. గోడలకు వేలాడదీసిన రెంచీలు చూసింది. చివరికి స్టూలు మీద కూర్చున్న నన్ను చూసింది.

"ఈయన?"

"మా నాన్న. రైల్వేలో చేసి రిటైరయ్యారు."

అక్కడితో ఊరుకోవచ్చు. నేను లేచాను. సంత్రాగాఛి యార్డులో నా చెయ్యి తగలకుండా ఒక్క బండి కూడా బయటికి పోయేది కాదని చెప్పాను. ఇరుసుల సంగతి నన్నడిగాకే పెద్ద ఇంజనీర్లు సంతకం పెట్టేవారని చెప్పాను. ఆవిడ మొహం తేటపడింది. మొదటి మాట నిజమే. నా చెయ్యి తగలని వాగను బయటికి పోయేది కాదు, ఎందుకంటే నేను పెయింటర్ని. వాగను నంబరు, దాని ఖాళీ బరువు, మోసే బరువు, ఇవి తెల్లరంగుతో రాసేవాణ్ణి. ఇరుసుల గురించి నన్నెవరూ ఏమీ అడగలేదు.

డాక్టరమ్మ వెళ్తూ వెళ్తూ అసలు సంగతి చెప్పింది. ఇలాంటి బళ్ళున్న వాళ్ళంతా ఒక గుంపు. ఈ ఆదివారం కాక పై ఆదివారం పొద్దున్నే కోలాఘాట్ దాకా వెళ్ళి టిఫిను చేసి వస్తారు. "నా బండి బాగా పరిగెడితే మిగతా వాళ్ళ బళ్ళు కూడా నీ దగ్గరికే పంపిస్తాను. లేకపోతే పెద్ద కంపెనీ వాళ్ళ ఆ అద్దాల వర్క్‌షాపుకే పోవాలి, మరి చెయ్యగలిగేదేం లేదు." మా అమ్మాయి తలూపింది. ఆ రాత్రి అన్నం తినకుండా గోడ కేసి చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళూ టాక్సీల కింద పడుకుని ఎదురుచూసిన బండి ఇదేనని నాకప్పుడు అర్థమైంది.

వచ్చిన షాఫ్టు కాస్త పొడుగైంది. సంత్రాగాఛి స్టేషను అవతల ఒక ముసలి బెంగాలీ ఉన్నాడు, షాఫ్టుల తూకం సరిచెయ్యడమే ఆయన బతుకు. మేమంతా బేలెన్సింగు దాదా అంటాం, అంటే అన్న; మా అమ్మాయి మాత్రం కాకా అంటుంది, బాబాయని. ఆడపిల్ల తెచ్చిన పని ముట్టుకోం అని అందరూ మొహం తిప్పుకున్న రోజుల్లో మా అమ్మాయి షాఫ్టుల్ని సరిచేసి ఇచ్చింది ఆయనొక్కడే. ఆయనే దీన్ని కోసి, అతికి, మెషీను మీద తిప్పి, తేలికైన వైపు చిన్న బిళ్ళ అతికించి పంపాడు. షాఫ్టు గుండ్రంగా ఉంటే చాలదు, చుట్టూ ఒకే బరువుండాలి. ఒక పక్క కాస్త ఎక్కువైనా జోరుగా తిరిగేటప్పుడు బండంతా వణుకుతుంది.

శనివారం సాయంత్రం మా అమ్మాయి ఇంటికెళ్ళాక అది గుడ్డ చుట్టుకుని గ్యారేజీకి చేరింది. ఒంటి వేలితో లేపాను. నిజానికి రెండు చేతులతో లేపాను, కానీ ఒగర్చలేదు. వెండిలాగ తెల్లగా, బోసిగా ఉంది. ఆ బోసితనమే నన్ను నిద్రపోనివ్వలేదు.

రైల్వేలో బోసి లోహం కనిపిస్తే తప్పు. వాగనుకు ఎక్కడ అతుకు వేసినా, ఎక్కడ గీరుకున్నా వెంటనే రెడ్ ఆక్సైడు, తుప్పు పట్టనివ్వని ఆ ఎర్రరంగు, పడాల్సిందే. పడకపోతే ఫోర్‌మన్ వచ్చి నీ మొహాన పూస్తానని తిట్టేవాడు. ఆ తిట్లు వేళ్ళలోకి దిగిపోయాయి. రిటైరయ్యాక మా ఇంటి కిటికీ చువ్వలు, నీళ్ళ డ్రమ్ము, పక్కింటి వాళ్ళ సైకిలు స్టాండు, గ్యారేజీ గేటు అన్నీ అయిపోయాయి. గ్యారేజీ గేటు రెండుసార్లు.

ఆదివారం అందరూ చర్చికి బయల్దేరారు. నాకు మోకాలు నొప్పి అన్నాను. మోకాలు నిజంగానే నొప్పి, అయితే చర్చికి పోలేనంత కాదు. గ్యారేజీ తాళం తీశాను. షాఫ్టును రెండు స్టాండ్ల మీద పడుకోబెట్టాను. గేటుకు వాడగా మిగిలిన రెడ్ ఆక్సైడు డబ్బా తీసి పుల్లతో కలిపాను. చిక్కగా ఉంది, థిన్నరు అయిపోయింది. అలాగే పూశాను. ఒక చెయ్యి పూత, ఆరకముందే ఇంకో చెయ్యి. చివర జాయింటు దగ్గర టేపు వెయ్యకుండా, ఒట్టి చేత్తో, బ్లేడుతో కోసినట్టు అంచు తీశాను. అది చూసుకుని ఎంత మురిసిపోయానో చెబితే నవ్వుతారు. చర్చిలో కానుకల పాట పాడే వేళకు నేను షాఫ్టు చుట్టూ తిరుగుతూ దానికే పాడాను.

అది వానాకాలం. రంగు ఆరదు. రాత్రంతా మెల్లగా జారుతూనే ఉందని అప్పుడు నేను అనుకోలేదు.

సోమవారం మా అమ్మాయి వచ్చి చూసింది. "ఏటి నాన్నా ఇది? తెల్లగుండాలి కదా."

"దాదాయే పూసి పంపినాడు. గుడ్డ తీసినాక సూసినాను. డాక్ గాలికి ఉప్పు, అందుకని."

"అల్యూమినియంకి తుప్పేటి?"

"తుప్పు కాదు, మచ్చలు. నీకు తెల్దు."

అది కాసేపు షాఫ్టు వైపు, కాసేపు నా వైపు చూసి పని మొదలెట్టింది. పాత ఇనుప షాఫ్టు విప్పి పక్కన పెట్టింది. కొత్తది ఎక్కించింది. టార్చి సంగతి ముందే చెప్పాను.

మర్నాడు డాక్టరమ్మ వచ్చింది. మా అమ్మాయి నడిపింది, ఆవిడ పక్కన, నేను వెనక. వెనక సీటంటే చేతిసంచీ పెట్టుకోవడానికి చేసింది, నన్ను నాలుగు మడతలు పెట్టి ఇరికించారు. నన్ను రావద్దన్నారు, నేనే వినలేదు. ఖాళీగా స్టూలు మీద కూర్చునే మనిషిని కాను. హుగ్లీ నది మీది రెండో వంతెన దాటి కోనా రోడ్డు ఎక్కాక బండి దూకింది చూడండి, నా వెన్ను సీటుకు అతుక్కుపోయింది. డాక్టరమ్మ చిన్నపిల్లలాగ నవ్వింది. మా అమ్మాయి భుజాలు అప్పుడే కాస్త కిందికి దిగాయి.

స్పీడు ఎనభై దాటాక మొదలైంది. ముందు కాళ్ళ కింద గుసగుసలాగ, తర్వాత సీట్లోకి, తర్వాత నా కట్టుడు పళ్ళల్లోకి వణుకు. కాలు తీస్తే పోతుంది, మళ్ళీ వేస్తే వస్తుంది. తిరిగొచ్చాక డాక్టరమ్మ బెంగాలీలో నిదానంగా అంది: "నా డ్రిల్లు దీనికంటే ఎన్నో రెట్లు జోరుగా తిరుగుతుంది. అది ఇలా వణికితే పేషెంటు కుర్చీలోంచి లేచి పారిపోతాడు." తర్వాత, "శనివారం వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే పాతదే బిగించెయ్యి" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

మా అమ్మాయి ఆ రోజూ మర్నాడూ కారు కిందనుంచి రాలేదు. బోల్టులన్నీ విప్పి బిగించింది. గేర్ బాక్సు కింద రబ్బరు మార్చింది. జాయింటు క్రాసులు చేత్తో ఊపి చూసింది. నేను టీ కొట్టుకు వెళ్ళి టీ తాగకుండానే తిరిగొచ్చాను. గ్యారేజీ ఊడ్చాను. డాక్ గేటు దాకా నడిచి లారీలు లెక్కపెట్టబోయి మధ్యలో మానేసి వచ్చాను. స్టూలు జరిపాను, మళ్ళీ జరిపాను.

"నాన్నా, ఒక దగ్గర కూర్చో. నీ కాళ్ళే కనిపిస్తన్నాయి నాకు, అటోపాలి ఇటోపాలి."

"ఏటి దొరికింది?"

"నా తలకాయ దొరికింది."

గురువారం పొద్దున్న అది దాదాకు ఫోను చేసింది. నేను వింటున్నాను. "కాకా, మీ తూకం తప్పింది. బండి వణుకుతోంది. నా పరువు పోతోంది ఇక్కడ." ఆయన ఏదో అన్నాడు. ఇది గొంతు పెంచింది. "అయితే నా చేతులే వంకరా? సరిగ్గా తిప్పకుండా పంపింది మీరే." ఆయన ఫోను పెట్టేశాడు. మా అమ్మాయి ఫోను చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. తన పని నమ్మిన మొదటి మనిషిని అనకూడని మాట అనేసింది.

తర్వాత షాఫ్టు విప్పి బల్ల మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. నేను దగ్గరికి వెళ్ళాను. వేలితో పైనుంచి తడిమాను, నున్నగా ఉంది. తిప్పి కింద తడిమాను. ఒకటే వరస, ఈ చివర నుంచి ఆ చివర దాకా, మేక చన్నుల్లాగ బొట్లు బొట్లుగా గట్టిపడిన రంగు. రంగంతా జారి ఒక్క పక్కకే చేరింది. గోరుతో ఒక బొట్టు గీరాను. రాలేదు. నా రెడ్ ఆక్సైడు అంత తేలిగ్గా రాదు, ఆ విషయంలో ఇప్పటికీ నేను అతిశయం చెప్పడం లేదు.

మా అమ్మాయి గోనెసంచీ తెచ్చి షాఫ్టు చుట్టబోయి ఆగింది. దాని చూపు బొట్ల మీద పడింది, తర్వాత జాయింటు దగ్గర అంచు మీద నిలిచింది. బొటనవేలితో ఆ అంచు వెంట రాసింది. చుట్టేసింది.

"పద నాన్నా. సంత్రాగాఛి ఎల్దాం."

"నానెందుకు?"

"షాఫ్టు పట్టుకోడానికి."

పసుపు టాక్సీలో వెనక సీటు మీద ఐమూలగా పెట్టాం. దాని తల నా ఒళ్ళో, కాళ్ళు మా అమ్మాయి ఒళ్ళో. జ్వరం తగిలిన పిల్లను ఆస్పత్రికి తీసుకుపోతున్నట్టు ఉన్నాం. రెండో వంతెన మీద బళ్ళన్నీ ఆగిపోయాయి. కింద హుగ్లీ, పైన మబ్బు, ముందు బస్సు వెనక పొగ. అద్దం దించాను, ఎత్తాను, దించాను. డ్రైవరు నన్ను అద్దంలో చూశాడు.

"మా సంత్రాగాఛి యార్డులో ఓపాలి ఏటయిందంటే," అని మొదలెట్టాను.

మా అమ్మాయి కిటికీలోంచి చూస్తోంది.

"ఒక కొత్త పెయింటరు గుంటడు, అడక్కండానే ఒక ఇరుసుకి రంగేసేసినాడు. మందంగా. నాను ఎంత సెప్పినా ఇనలేదు."

"ఆడి పేరేటి?"

పేరు కోసం వెతికాను. నదిలో ఒక పడవ పోతోంది, దాన్ని చూశాను. బస్సు కదల్లేదు.

"నానే," అన్నాను. "యార్డులో కాదు, ఆదివారం. మన గ్యారేజీలో. దాదా పుయ్యలేదు, నానే పూసినాను. బోసిగా ఉంటే సూడలేకపోయినాను అమ్మా."

అది ఇటు తిరిగింది. తిడుతుందనుకున్నాను, తిట్టు కోసం మొహం సిద్ధంగా పెట్టుకున్నాను.

"టేపు లేకండా అలాటి అంచు ఈ ఊళ్ళో ఇంకెవుడు తీస్తాడు? సిన్నప్పట్నుంచి సూస్తన్నాను. సోమారమే అనుమానం వచ్చింది. రంగేటి సేస్తుందిలే, బావుంది కదా అనుకుని బిగించినాను. అది నా బుద్ధితక్కువ. కానీ పొద్దున్న నాను కాకాని అన్నమాట?"

నేను గోనె అంచు సర్దాను.

"అది నువ్వే సెప్పాల. నాను సెప్పను. నువ్వు సెప్పు, నాను పక్కన నిలబడతాను."

దాదా షెడ్డులో మెషీను మీద వేరే షాఫ్టు తిరుగుతోంది. మమ్మల్ని చూసి ఆయన లేవలేదు. ఎప్పుడూ మా అమ్మాయికి ముందు స్టూలు లాగేవాడు, ఆ రోజు లాగలేదు. నేను గోనె విప్పాను. ఎర్రటి షాఫ్టును చూసి ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"నేను పంపింది తెల్లగా ఉంది."

"అవును దాదా," అన్నాను నా బెంగాలీలో. "రంగు నాది. మా రైల్వే పద్ధతిలో..." రైల్వేని ఇందులోకి లాగబోయాను. మా అమ్మాయి గొంతు సవరించుకుంది. "పద్ధతేం లేదు. నేనే పూశాను. మీరు పూశారని దీనికి చెప్పాను. మీ తూకం సరిగ్గానే ఉంది."

ఆయన షాఫ్టును మెషీను మీదికెక్కించి తిప్పాడు. షెడ్డు రేకులు కూడా గడగడలాడాయి. ఆపాడు. థిన్నరు సీసా, గుడ్డ ముక్కలు తెచ్చి నా ముందు పెట్టాడు. మా అమ్మాయి సాయానికి వంగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు కూర్చో తల్లీ. పూసిన వాళ్ళే తుడుస్తారు." ఆ మాటతో పాటే కాలితో స్టూలు దాని వైపు తోశాడు. మా అమ్మాయి కూర్చుని, "కాకా, పొద్దున్న నేను..." అని ఆగిపోయింది. ఆయన, "చాయ్ తాగుతావా?" అన్నాడు. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

నాది మాత్రం అవలేదు. వేళ్ళు మండేదాకా తుడిచాను. సంత్రాగాఛి లోకలు బళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి, నేను తుడుస్తూనే ఉన్నాను. జీవితమంతా రంగు వేసిన చెయ్యి రంగు తీస్తుంటే ఎవరి చెయ్యో అనిపించింది. చివరికి వెండి తేలింది. మళ్ళీ తిప్పాడు. ఈసారి షాఫ్టు తిరుగుతోందో ఆగి ఉందో తెలియలేదు. బిళ్ళ ఆయన పెట్టిన చోటే ఉంది, ఒక్క ఇసుమంత మార్చే పని పడలేదు.

"చెయ్యి దురద పెడితే నా షెడ్డు తలుపు ఉంది దాదా," అన్నాడాయన నాతో, మేం బయల్దేరుతుంటే. "అది తిరగదు."

శనివారం డాక్టరమ్మ వచ్చింది. మళ్ళీ నేను మడతపడి వెనక. కోనా రోడ్డు మీద అరవై, ఎనభై, ఆపైన. కాళ్ళ కింద గుసగుస కోసం చూశాను. రాలేదు. ఆవిడ స్టీరింగు మీద వేళ్ళు ఆనించి, కళ్ళు చికిలించి, డ్రిల్లు వింటున్నట్టు వింది. తిరిగొచ్చాక బానెట్టు మీద చెయ్యి పెట్టి అడిగింది: "తప్పెక్కడుంది?"

మా అమ్మాయి నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. ఇలాంటి చిక్కు రైల్వే చరిత్రలోనే అరుదు, దాన్ని పట్టుకోవడానికి ముప్పై ఏళ్ళ అనుభవం కావలసి వచ్చింది, అన్నాను. మా అమ్మాయి నా వైపు ఊరికే చూసింది. అప్పుడు చెప్పాను. రంగు, వాన, జారిన బొట్లు, అన్నీ. ఇరుసుల మీద పెద్ద ఇంజనీర్లు నన్నడిగేవారన్నది కూడా వెనక్కి తీసుకున్నాను. చెబుతుంటే నా భుజాలు తేలికవుతాయనుకున్నాను, ఏం అవలేదు. ఈవిడ ఇప్పుడే తాళం తీసుకుని అద్దాల వర్క్‌షాపుకు వెళ్ళిపోతుందేమోనని ఆవిడ చేతి వైపే చూస్తూ ఉన్నాను.

డాక్టరమ్మ నా మాటలు అయ్యేదాకా విని, మా అమ్మాయి వైపు తిరిగింది. "నా దగ్గర కూడా మొదట్లో నాన్నగారు కూర్చునేవారు. పేషెంట్ల పళ్ళు లెక్కపెట్టేవారు." తర్వాత, "రేపు కోలాఘాట్ నుంచి వచ్చాక ఇంకో బండి వాళ్ళని తీసుకొస్తాను. కానీ మీ నాన్నని, ఈ కాకూని, దానికి దూరంగా ఉంచు" అంది.

"ఉంచుతాను దీదీ."

ఆదివారం అందరం చర్చికి వెళ్ళాం. నా మోకాలు ఆ రోజు కూడా నొప్పే, ఎవరికీ చెప్పలేదు. పాటల మధ్యలో బయట రోడ్డు మీద జోరుగా ఏ బండి పోయినా మేమిద్దరం ఒకేసారి తలెత్తాం.

మధ్యాహ్నానికి ఎర్ర కారు వచ్చింది. దాని వెనక నీలం కారు ఒకటి, ఇంకా పొట్టిది. మా అమ్మాయి పమిట దోపుకుని, చర్చి బట్టలతోనే వంగి దాని పొట్ట కిందికి చూసింది. నేను రెండడుగులు ముందుకు వేశాను.

"నాన్నా."

ఆగాను. అది గ్యారేజీ మూలకి వెళ్ళి, విప్పి పెట్టిన పాత ఇనుప షాఫ్టును ఈడ్చుకొచ్చి నా స్టూలు ముందు పడేసింది. పక్కన రెడ్ ఆక్సైడు డబ్బా, తెల్లరంగు డబ్బా, సన్న బ్రష్షు. "ఇది నీది. ఎన్ని సేతులేస్తావో నీ ఇష్టం. ఎవురూ తిప్పరు."

అప్పట్నుంచి అది గేటు పక్కన నిలబెట్టి ఉంది. ఎన్ని చేతులు వేశానో టీ కొట్టు వాళ్ళకు ఒకలా, పాస్టరు గారికి ఒకలా చెబుతున్నాను. ఎర్రరంగు బాగా ఆరాక, వాగను మీద రాసినట్టు తెల్లగా ఖాళీ బరువు రాద్దామని కూర్చున్నాను. మొదట చేతికొచ్చిన అంకె వేశాను, చూడటానికి ఘనంగా ఉంది. కాసేపు అలాగే చూశాను. యార్డులో మాటలెన్ని చెప్పినా వాగను మీద బరువు తప్పు రాసింది లేదు. గుడ్డతో తుడిచేశాను. నీలం కారు కింద ఉన్న మా అమ్మాయిని, షాఫ్టును పాతసామాన్ల కొట్టు నుంచి అరువు తెచ్చిన కాటా మీదికెత్తి తూచడానికి ఒక చెయ్యి వెయ్యమని పిలిచాను.

"ఉండు నాన్నా, వస్తన్నాను," అంది టార్చి నోట్లో పెట్టుకునే.

నేను కూర్చోలేక లేచి, మళ్ళీ కూర్చున్నాను.